మొక్కల ఫొటోలకు పొడవాటి లెన్స్: ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో మొక్కల ఫొటోగ్రఫీ మీద మీరు వేసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. షీట్ ఫిల్మ్, అంటే ఒక్కో ఫొటోకు ఒక్కో పెద్ద ఫిల్మ్ ముక్క, వాడే లార్జ్ ఫార్మాట్ కెమెరాను ఈ రోజుల్లో ఒక దినపత్రిక పట్టించుకోవడమే అరుదు కనుక ముందుగా అందుకు కృతజ్ఞతలు. అయితే ఆ కెమెరాకు కేటాయించిన రెండు పేరాల్లో పొడవాటి లెన్స్‌ల గురించి రాసిన మూడు మాటలూ సరికావు. అవి దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాక్కోవడానికే కాబట్టి మొక్కలకు అక్కరలేదట; వాటితో తీస్తే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ముందు నుంచి వెనకకు స్పష్టంగా కనిపించే లోతు, పడిపోతుందట; పైగా వెలుతురు కూడా ఎక్కువ కావాలట. చిన్న కెమెరాతో పక్షులను తీసేవారి అనుభవాన్ని తెచ్చి పెద్ద కెమెరాకు అతికించినట్టు నాకు అనిపించింది. పదిహేనేళ్లుగా 4×5 అంగుళాల కెమెరాతో ఆకులూ పూలూ తీగలూ తప్ప మరొకటి తీయని వాణ్ని కనుక, ఈ మూడు మాటలూ చదివి కొత్తగా మొదలుపెట్టేవారు తమకు అన్నిటికంటే పనికొచ్చే లెన్స్‌నే వదులుకుంటారేమోనన్న భయంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా పొడవు అంటే ఎంతో చెప్పుకోవాలి. 4×5 అంగుళాల ఫిల్మ్‌కు 150 మి.మీ. ఫోకల్ లెంగ్త్, అంటే భౌతికశాస్త్ర పాఠాల్లో నాభ్యంతరం అని మనం చదువుకున్నది, మామూలు లెన్స్ కిందికే వస్తుంది. ఎందుకంటే ఆ ఫిల్మ్ కర్ణం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. నేను వాడేది 300 మి.మీ. లెన్స్. 24×36 మి.మీ. ఫ్రేమ్ ఉన్న చిన్న కెమెరాతో పోల్చి చూస్తే అది 85 మి.మీ. లెన్స్‌కు సమానం, అంటే మనుషుల ముఖాలు తీయడానికి వాడేపాటి పొడవు మాత్రమే. దానితో చెట్టు చివర కూర్చున్న పిట్టను తీయాలని ఎవరూ అనుకోరు. దాని అవసరం వేరే చోట ఉంది.

ఒక పువ్వు ఫిల్మ్ మీద దాని అసలు సైజులో సగం పడాలనుకుందాం. 150 మి.మీ. లెన్స్‌తో అయితే పువ్వు నుంచి లెన్స్‌కు 45 సెం.మీ. దూరం ఉంటుంది, 300 మి.మీ. లెన్స్‌తో అయితే 90 సెం.మీ. ఉంటుంది. ఫిల్మ్ మీద పువ్వు సైజు రెండింటిలోనూ ఒక్కటే, కానీ ఆ రెండో మూర మనకు ఎన్ని విధాల అక్కరకొస్తుందో ఆ పని చేసిన చేతులకే తెలుస్తుంది. 45 సెం.మీ. దగ్గర పెట్టిన పెద్ద కెమెరా, దాని వెనక నల్లగుడ్డ కప్పుకున్న మనిషి, ఇద్దరి నీడా మొక్క మీదే పడుతుంది. ముందు నుంచి వచ్చే ఆకాశపు మెత్తటి వెలుగును కెమెరాయే మింగేస్తుంది. ఒక తెల్ల అట్ట ముక్కను పక్కన నిలబెట్టి నీడవైపు కాస్త వెలుగు పంపుదామన్నా చోటు మిగలదు, ట్రైపాడ్ కాలు పక్క కొమ్మను తొక్కకుండా ఉండదు. 90 సెం.మీ. ఎడం దొరికితే ఇవన్నీ ఒక్కసారిగా తీరిపోతాయి.

పువ్వు ఆకారం కూడా ఆ ఎడంలోనే కుదురుకుంటుంది. ముందు రేకుకూ వెనక రేకుకూ మధ్య 10 సెం.మీ. లోతున్న మందారాన్ని తీసుకుంటే, 45 సెం.మీ. నుంచి చూసినప్పుడు ముందు రేకు వెనకదానికంటే 22 శాతం పెద్దదిగా పడుతుంది. 90 సెం.మీ. నుంచి ఆ తేడా 11 శాతమే. మొదటి దానిలో మన మీదికి దూకుతున్నట్టుండే కేసర దండం రెండో దానిలో తన చోట తాను నిలుస్తుంది. ఇక వెనక భాగం సంగతి. పువ్వుకు రెండు మీటర్ల వెనక ఒక కంచె ఉందనుకుంటే, 150 మి.మీ. లెన్స్ ఆ కంచెలో సుమారు 1.36 మీటర్ల వెడల్పును ఫ్రేమ్‌లోకి తెస్తుంది, 300 మి.మీ. లెన్స్ 0.8 మీటర్లనే తెస్తుంది. కెమెరాను బెత్తెడు పక్కకు జరిపితే చాలు, ఎండ పడి మెరిసే ఆకు ఫ్రేమ్ బయటికి పోయి దాని వెనకున్న నీడ మిగులుతుంది. నా వరకు పొడవాటి లెన్స్ చేసే మేలు అన్నిటిలోకీ ఇదే పెద్దది.

ఇప్పుడు డెప్త్ ఆఫ్ ఫీల్డ్. దగ్గరి నుంచి తీసే ఫొటోల్లో అది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది: ఫిల్మ్ మీద వస్తువు ఎంత సైజులో పడుతోంది, ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వెళ్లే రంధ్రం, ఎంత (ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది). ఈ రెండూ మారనంత వరకు 150 వాడినా 300 వాడినా స్పష్టంగా కనిపించే లోతు దాదాపు ఒక్కటే. ఫిల్మ్ మీద 0.1 మి.మీ. వరకు మసకను కన్ను క్షమిస్తుందనుకుంటే, సగం సైజులో ఎఫ్/32 దగ్గర ఆ లోతు 4 సెం.మీ.కు కాస్త తక్కువ, అసలు సైజులో అయితే 13 మి.మీ. మాత్రమే. ఇందులో లెన్స్ పొడవు ప్రసక్తి ఎక్కడా లేదు. పొడవాటి లెన్స్‌తో తీసినప్పుడు వెనక ఉన్నవి మరింత మసకబారడం నిజమే. ఆ మసకను చూసి లోతు తగ్గిందని చాలామంది పొరబడతారు. వ్యాసకర్త కూడా అలాగే పొరబడి ఉంటారు. రేకులు ఎంత స్పష్టంగా ఉన్నాయో భూతద్దం పెట్టి రెండు నెగటివ్‌లనూ పోల్చి చూస్తే అసలు సంగతి తేలిపోతుంది.

వెలుతురు మాటా అంతే. లెన్స్‌ను ఫిల్మ్ నుంచి దూరం జరిపే కొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుగు పలచబడుతుంది, అందుకు పరిహారంగా ఎక్స్‌పోజర్, అంటే ఫిల్మ్‌కు వెలుగు చూపే సేపు, పెంచాలి. లెన్స్ నుంచి ఫిల్మ్‌కు ఉన్న దూరాన్ని ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎన్ని రెట్లు పెంచాలో తెలుస్తుంది. 300 మి.మీ. లెన్స్‌తో సగం సైజు కావాలంటే 450 మి.మీ. దూరం, అంటే ఒకటిన్నర రెట్లు, దాని వర్గం 2.25. 150 మి.మీ. లెన్స్‌కు 225 మి.మీ. దూరం, అదీ ఒకటిన్నర రెట్లే, దాని వర్గమూ 2.25. టెలిఫొటో నిర్మాణం ఉన్న లెన్స్‌లకు, అంటే తమ ఫోకల్ లెంగ్త్ కంటే తక్కువ దూరంలోనే ఫోకస్ అయ్యేలా చేసినవాటికి, ఈ లెక్క కొంచెం మారుతుంది కానీ, మామూలు నిర్మాణం ఉన్నవాటికి పొడవును బట్టి వెలుతురు ఖర్చు పెరగదు.

అలాగని పొడవాటి లెన్స్ ఉచితంగా ఏమీ ఇవ్వదు. వ్యాసంలో అసలు చెప్పవలసిన ఇబ్బంది ఒకటుంది, దాన్నే వదిలేశారు. అది బెలోస్, అంటే లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య కొలిమి తిత్తిలా మడతలు మడతలుగా సాగే భాగం. 300 మి.మీ. లెన్స్‌తో పువ్వు అసలు సైజులో పడాలంటే 600 మి.మీ. బెలోస్ కావాలి. మడిచి సంచిలో పెట్టుకునే చెక్క కెమెరాల్లో చాలావాటికి అందులో సగమే ఉంటుంది. 330 మి.మీ. సాగే బెలోస్ ఉన్న కెమెరాకు ఈ లెన్స్ బిగిస్తే మూడు మీటర్ల ముప్పై సెంటీమీటర్లకంటే దగ్గర ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు, పువ్వు ఫిల్మ్ మీద పదో వంతు సైజులోనే పడుతుంది. లెన్స్ కొనేముందు బెలోస్‌ను టేపుతో కొలుచుకోమని ఎవరూ చెప్పకపోవడం వల్ల నేను మొదటి ఏడాదంతా పూల మొక్కలు తీయాలనుకుని పొదలు తీశాను.

బెలోస్ పొట్టిగా ఉన్నవారికి టెలిఫొటో నిర్మాణమే దారి అని దుకాణాల్లో చెబుతారు. ఆ లెన్స్‌లు తమ ఫోకల్ లెంగ్త్ కంటే తక్కువ బెలోస్‌తో పని చేస్తాయన్నది నిజమే. కానీ అవి దూరపు దృశ్యాలకోసం తయారైనవి కనుక దగ్గరికి వచ్చేసరికి అంచుల్లో పదును తగ్గుతుంది. పైగా వాటి కేంద్రబిందువు లెన్స్‌కు ముందెక్కడో ఉండటం వల్ల టిల్ట్ చేసినప్పుడల్లా, అంటే లెన్స్‌ను వంచినప్పుడల్లా, బొమ్మ గ్రౌండ్ గ్లాస్ (ఫోకస్ చూసుకునే వెనక గరుకు అద్దం) మీద నుంచి జారిపోతుంది. మొక్కలకు నా ఓటు అచ్చు పనికోసం చేసిన పాత ప్రాసెస్ లెన్స్‌లకే. రోడెన్‌స్టాక్ వారి అపో-రోనార్, ష్నైడర్ వారి జీ-క్లారన్ లాంటివి అసలు సైజు దగ్గర బాగా పనిచేసేలా రూపొందాయి. ఎఫ్/9 అంత చిన్న ఎపర్చర్ కావడం వల్ల గ్రౌండ్ గ్లాస్ మీద బొమ్మ మసకచీకటిగా కనిపిస్తుంది, బెలోస్ సాగిస్తే ఇంకా చీకటి. నల్లగుడ్డ కింద కళ్లు అలవాటుపడేదాకా రెండు నిమిషాలు ఓపిక పట్టి, ఆ తర్వాత తలకిందులుగా, కుడిఎడమలు మారి కనిపించే ఆ బొమ్మ మీద నాలుగు రెట్లు పెంచి చూపే లూప్ ఆనించి చూస్తే ఫోకస్ దొరుకుతుంది.

బెలోస్‌తో నాకు జరిగిన ఒక నష్టం చెబుతాను. ఒక ఉదయం పొడవాటి కాడ మీద నిలబడ్డ తామర మొగ్గను, కాడ సగం నుంచి మొన వరకు, తీశాను. నాలుగు షీట్లు ఎక్స్‌పోజ్ చేశాను. డెవలప్ చేసి ఆరబెట్టాక చూస్తే నాలుగింటిలోనూ కాడ కింది భాగం లేదు. దాని చోట నెగటివ్ మీద విల్లులా వంగిన ఖాళీ ఉంది. షట్టర్‌ను అనుమానించాను, హోల్డర్‌ను అనుమానించాను, చివరికి కెమెరాను మళ్లీ అంత పొడవూ సాగదీసి వెనక నుంచి తొంగి చూస్తే కారణం కనిపించింది. బాగా సాగిన బెలోస్ బరువుకు నడుమ కుంగిపోయి, ఫిల్మ్ పై భాగానికి వెళ్లే వెలుగును అడ్డుకుంది. బొమ్మ తలకిందులు కదా, ఫిల్మ్ పై భాగమంటే కాడ కింది భాగం. గ్రౌండ్ గ్లాస్ మీద పై అంచు చీకటిగా ఉండటాన్ని లెన్స్ ఎఫ్/9 కదా అని సరిపెట్టుకోవడం నా తప్పు. అప్పటి నుంచి బెలోస్ నడుమకు ఒక నాడా కట్టి పైకి లాగి పెడుతున్నాను, ముందు భాగం కింద రెండో ట్రైపాడ్ ఆసరా ఇస్తున్నాను. అంత పొడవు సాగిన కెమెరా కొద్దిపాటి గాలికే తెరచాపలా ఊగుతుంది కనుక ఆ రెండో ఆసరా విలాసమేమీ కాదు.

ఫోకస్ చేసే తీరు కూడా మారుతుంది. అసలు సైజుకు దగ్గరపడుతున్నప్పుడు లెన్స్‌ను ముందుకూ వెనక్కూ తిప్పితే పువ్వు పెరుగుతుంది, తరుగుతుంది కానీ ఫోకస్ మాత్రం చేతికి చిక్కదు. ముందు సైజు నిర్ణయించుకుని లెన్స్‌ను అక్కడే బిగించి, ఫిల్మ్ ఉన్న వెనక భాగాన్ని గానీ మొత్తం కెమెరానే గానీ జరపాలి.

టిల్ట్ గురించి వ్యాసకర్త చాలా ఉత్సాహంగా రాశారు. దాని వెనకున్న సూత్రం ఆస్ట్రియా సైనికాధికారి థియోడోర్ షైమ్‌ఫ్లుగ్ పేరుతో స్థిరపడింది. ఆయన 1904లో పేటెంట్ తీసుకున్నారు, అయితే అంతకు మూడేళ్ల ముందే ఫ్రాన్స్‌కు చెందిన జూల్ కార్పెంతియే అదే సూత్రాన్ని వాడారు. లెన్స్ తలం, ఫిల్మ్ తలం, మనం స్పష్టంగా చూడదలచిన తలం, ఈ మూడూ ఒకే రేఖ మీద కలిసేలా లెన్స్‌ను వంచితే ఏటవాలుగా పరుచుకున్న ఆకు మొదలు నుంచి చివరి దాకా ఎఫ్/16 దగ్గరే స్పష్టంగా వస్తుంది. ఫెర్న్ మట్ట, తామరాకు, గోడకు పాకిన తీగ, వీటికి ఇది వరం. పువ్వుకు మాత్రం కాదు. పువ్వు అన్నివైపులా తెరుచుకున్న గిన్నె లాంటిది. దానిలో ఒక తలాన్ని పట్టుకుంటే ఆ తలానికి బయట ఉన్న రేకులు మరింత మసకవుతాయి. టిల్ట్‌తో పువ్వంతా స్పష్టంగా తీయవచ్చని రాయడం పాఠకులను తిప్పలు పెట్టడమే. పువ్వుకు ఎపర్చర్ తగ్గించడం ఒక్కటే మందు, ఆ మందుకూ ఒక హద్దుంది.

ఆ హద్దు ఎఫ్/64 దగ్గర లేదు. 1932లో అమెరికా ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్ మొదలైనవారు తమ బృందానికి ఎఫ్/64 అని పేరు పెట్టుకున్నారు గనుక మొక్కలన్నీ ఆ ఎపర్చర్‌లోనే తీయాలన్నట్టు వ్యాసంలో ఉంది. ఆ పేరు వారు కోరుకున్న స్పష్టతకు గుర్తు మాత్రమే. అసలు సైజులో తీస్తున్నప్పుడు లెన్స్ మీద ఎఫ్/64 అని ఉన్నది ఆచరణలో ఎఫ్/128 అవుతుంది, అంత చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుగు చెదిరి బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. సగం సైజులో ఎఫ్/32 దాటి వెళ్లడం నాకు ఎప్పుడూ కలిసిరాలేదు. దాన్ని కూడా లెన్స్ నిజానికి ఎఫ్/48గా అనుభవిస్తుంది.

ఇక కాలం. చెట్టునీడలో ఒక ఫెర్న్ మట్టను ఎఫ్/32 దగ్గర తీయడానికి లైట్ మీటర్ ఒక సెకను చూపించిందనుకుందాం. బెలోస్‌కు 2.25 రెట్లు, ఆకుల పచ్చదనం నలుపు తెలుపు ఫిల్మ్ మీద మరీ నల్లబడకుండా పెట్టే, పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగు ఫిల్టర్‌కు 4 రెట్లు, కలిపి 9 సెకన్లు. ఎక్స్‌పోజర్ సెకను దాటితే ఫిల్మ్ చురుకుదనం తగ్గుతుంది కనుక దానికీ పరిహారం చెల్లించాలి. ఇల్ఫర్డ్ వారు ఎఫ్‌పీ4 ఫిల్మ్‌కు ఇచ్చిన 1.26 ఘాతాంకంతో లెక్కిస్తే 9 సెకన్లు 16 అవుతాయి. ఫోమాపాన్ 100 వాడేవారికి ఈ పరిహారం మరీ ఎక్కువ. దాని తయారీదారు పట్టిక ప్రకారమే 10 సెకన్లది 80 సెకన్లు కావాలి. మీటర్ చూపిన ఒక్క సెకనునే నమ్ముకున్నవారికి చేతికొచ్చేది దాదాపు ఖాళీ నెగటివ్.

పదహారు సెకన్లు కదలకుండా ఉండే ఫెర్న్ మట్ట ఎక్కడ ఉంటుందని అడగవచ్చు. ఎండ నేలను వేడెక్కించక ముందు, తెల్లవారిన తర్వాత ఒక గంటసేపు ఉంటుంది. అప్పుడు కూడా నేను లెన్స్ ముందు ఒక నల్ల అట్ట చేతిలో పట్టుకుని నిలబడతాను. షట్టర్ తెరిచి ఉండగా మట్ట చివర వణికితే అట్ట అడ్డుపెట్టి లెక్క ఆపుతాను, అది నిలిచాక అట్ట తీసి మళ్లీ లెక్క మొదలుపెడతాను. అయితే మట్ట కచ్చితంగా పాత చోటికి వచ్చిందా అన్నది ఎప్పుడూ అనుమానమే. సగం సైజులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే ఫిల్మ్ మీద అర మిల్లీమీటరు చెదురుతుంది, నేను పైన చెప్పిన మసక హద్దుకు అది అయిదు రెట్లు. అందుకే రోజుకు రెండు షీట్లు మించి వాడటం నాకు అరుదు. గాలి ఆగని చోట, పురుగు వాలిన పువ్వు ముందు చిన్న డిజిటల్ కెమెరాయే మేలని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఈ రకం ఫొటోలు ఈ మధ్య వచ్చిన సరదా అన్నట్టు వ్యాసం ముగింపులో ఒక వాక్యం ఉంది. 1932లోనే కన్నుమూసిన జర్మన్ కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ బెర్లిన్‌లో శిల్ప విద్యార్థులకు పాఠాలు చెప్పడంకోసం మొగ్గలనూ కాడలనూ సాదా అట్టల ముందు నిలబెట్టి, ముప్పై రెట్ల వరకు పెంచి, దశాబ్దాలపాటు తీశారు. కనింగ్‌హామ్ మాగ్నోలియా పువ్వు 1925 నాటిది.

చివరగా మీకు రెండు విన్నపాలు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ గురించీ ఎఫ్/64 గురించీ రాసిన వాక్యాలకు వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వేయండి. అలాగే ఇకముందు మొక్కల ఫొటో వేసినప్పుడు దాని కింద లెన్స్ పేరుతో పాటు, పువ్వు ఫిల్మ్ మీద ఎంత నిష్పత్తిలో పడిందో కూడా ఫొటోగ్రాఫర్‌ను అడిగి ముద్రించండి. వ్యాసంతో పాటు మీరు వేసిన ఆ తెల్ల పువ్వు ఫొటో నాకు చాలా నచ్చింది. కానీ అది గోరంత ఉంటుందో గొడుగంత ఉంటుందో ఇప్పటికీ తెలియలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు